చుట్టం ముందు చుక్క

మా మేనేజరుకి మాటల పిచ్చి. మాట్లాడే పిచ్చి కాదు, అదైతే భరించేదాన్ని. మాటలు ఎక్కడ పుట్టాయి, ఏ కడుపున పుట్టాయి, పుట్టినప్పుడు వాటి మొహం ఎలా ఉండేది అని తవ్వే పిచ్చి. గల్ఫులో, సిత్రా అనే చోట చమురు ట్యాంకుల పక్కన రేకుల గదుల్లో నడిచే ఒక కాంట్రాక్టు కంపెనీలో, పనివాళ్ళ వ్యవహారాలు చూసే విభాగానికి అతను పెద్ద. నేను అతని సెక్రటరీని. తొంభైల మొదట్లో నాలుగేళ్ళు అక్కడ పనిచేశాను. ఆ నాలుగేళ్ళలో అతని మీద నాకు పుట్టిన అసహ్యాన్ని దాచుకునే ప్రయత్నం ఇక్కడ చెయ్యను. అంత ఓపిక నాకు లేదు.

ఇంగ్లండు మనిషి. వయసు యాభై దాటి ఉంటుంది. పొట్టి చేతుల తెల్లచొక్కా మీద టై కట్టుకుని వచ్చేవాడు. ఎండకి మెడ ఎప్పుడూ ఎర్రగా కమిలి ఉండేది. బల్ల మీద పెళ్ళాం ఫోటో లేదు, పిల్లల ఫోటో లేదు. అట్ట ఊడిపోతే టేపు చుట్టి పెట్టుకున్న లావుపాటి నిఘంటువు ఒకటి, దాని పక్కన ఆకుపచ్చ అట్ట నోటుపుస్తకం ఒకటి. పది గంటల టీ రాగానే నన్ను లోపలికి పిలిచేవాడు. డిక్టేషన్ ఇస్తాడు కాబోలని పుస్తకం, పెన్సిలు పట్టుకుని వెళితే, "ఈ మాట ఎక్కడిదో తెలుసా?" అనేవాడు. నాకు తెలియదని అతనికి తెలుసు. తెలియదని నా నోటితో చెప్పించుకుంటే గాని అతనికి టీ రుచించేది కాదు.

నేను ఇంగ్లీషు ఎం.ఏ. అదే వచ్చిన చిక్కు. చదువుకోని దాన్నయితే వదిలేసేవాడేమో. చేరిన రెండో నెలలో, హెడ్డాఫీసు నుంచి వచ్చిన నలుగురు పెద్దమనుషుల ముందు, మా పెద్దనాన్నగారి అబ్బాయి ఊరి నుంచి వస్తున్నాడు, ఒక పూట సెలవు కావాలని అడిగాను. "మై కజిన్ బ్రదర్" అన్నాను. అతను కుర్చీలో వెనక్కి వాలి, "కజినా, బ్రదరా? రెంటిలో ఒకటి ఎంచుకో" అన్నాడు. నలుగురూ నవ్వారు. ఒకాయన నవ్వి నవ్వి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. పెద్దనాన్న కొడుకు నాకు అన్నయ్య. ఆ సంగతి వాళ్ళ భాషలో ఎలా చెప్పాలో తెలియక, రెండు బంగారు గాజులు, ఒక ఎం.ఏ. పెట్టుకుని అక్కడ నిలబడిపోయాను. ఆ రోజు నుంచి ప్రతి మాటనీ లోపల రెండుసార్లు తిప్పి చూసుకుని గాని బయటికి వదిలేదాన్ని కాదు.

ఇంగ్లీషులో నువ్వు, మీరు అన్న తేడా లేదంటారు. ఉంది. అతను నాతో మాట్లాడినంతసేపూ అది నువ్వే అని నాకు స్పష్టంగా వినపడేది.

ఒక మంగళవారం నాడు కంపెనీ గెస్ట్‌హౌస్ గురించి ఒక నోటీసు టైపు చేసి సంతకానికి తీసుకెళ్ళాను. సంతకం పెట్టకుండా 'గెస్ట్' అన్న మాట చుట్టూ పెన్సిలుతో సున్నా చుట్టాడు. తప్పు రాశాననుకున్నాను. తప్పు కాదు, పాఠం. నిఘంటువు తెరిచి నా వైపు తిప్పాడు. ఇంగ్లీషులో గెస్ట్, జర్మన్‌లో గాస్ట్, పాతకాలపు ఓడల జాతుల భాషలో గెస్ట్ర్, గోతులని ఇంకో జాతి ఉండేదట, వాళ్ళ భాషలో గస్త్స్. వీటన్నిటికీ ఒక తల్లి ఉండి ఉండాలి. ఆ తల్లి పేరు *గస్తిజ్. దాని ముందు అచ్చులో చిన్న చుక్క గుర్తు ఉంది, మనం నక్షత్రం గీసినట్టు.

"ఆ చుక్క ఎందుకో తెలుసా?" అన్నాడు.

తెలియదన్నాను. టీ ఒక గుక్క తాగాడు.

"ఆ మాటని ఎవరూ వినలేదు. ఏ రాతిమీదా, ఏ తోలుమీదా రాసి లేదు. పిల్లల ముఖాలు చూసి, చనిపోయిన తల్లి ముఖం ఇలా ఉండేదని పండితులు గీసుకున్న బొమ్మ అది. చుక్క పెట్టడం నిజాయితీ. ఇది మేము ఊహించుకున్నది, ఎవరి నోటా విన్నది కాదు అని చదివేవాడికి చెప్పడం."

అతను చెప్పినవాటిలో నాకు నచ్చిన మాట ఇదొక్కటే. అందుకే ఇన్నేళ్ళయినా మరిచిపోలేదు.

ఆ *గస్తిజ్ కన్నా ఇంకా వెనక్కి వెళితే మరో చుక్క మాట ఉందట, *ఘోస్తిస్. అదే లాటిన్ వాళ్ళ దగ్గరికి పోయి హోస్తిస్ అయింది. హోస్తిస్ అంటే శత్రువు. అంటే గెస్టూ శత్రువూ ఒక తల్లి బిడ్డలే. ఇంటికి పిలిచే హోస్టూ, రోగుల్ని ఉంచే హాస్పిటలూ, పగతో చూసే హాస్టైలూ అందరూ ఆ కుటుంబమే. "గుమ్మం దగ్గర ఒక కొత్తవాడు నిలబడ్డాడనుకో. అన్నం పెట్టి పంపుతావో, పొడిచి పంపుతావో అప్పటికింకా నువ్వు తేల్చుకోలేదు. ఆ క్షణానికి పుట్టిన మాట ఇది" అన్నాడు. కళ్ళు మెరిశాయి. తరవాత నా వైపు చూసి చిన్నగా నవ్వుతూ, "ఈ దేశంలో మీరంతా గెస్టులే కదా" అన్నాడు.

మీరంతా. అతని పాస్‌పోర్టులోనూ, నా పాస్‌పోర్టులోనూ వీసా ముద్ర ఒకటే, మా ఇద్దరికీ వీసా ఇప్పించిన అరబ్బు పూచీదారు, కఫీల్, ఒకడే. ఆయన తలుచుకుంటే ఇద్దర్నీ ఒకే విమానం ఎక్కించగలడు. ఆ ముక్క నా నాలుక చివరిదాకా వచ్చింది. అనలేదు. అనకపోగా, నాకూ తెలుసని చూపించుకోవాలనే ఉబలాటం కొద్దీ, మా భాషలో అతిథి అన్న మాట ఉంది, తిథి చూసుకోకుండా వచ్చేవాడని దానికి అర్థం చెబుతారు అన్నాను. అతను కనుబొమలు ఎత్తాడు. ఆకుపచ్చ పుస్తకంలో రాసుకున్నాడు. "వెరీ గుడ్" అన్నాడు. ఆ వెరీ గుడ్‌ని నేను ఆ సాయంత్రం మనామాలో మా ఇంటిదాకా మోసుకుపోయి మా ఆయనకి కూడా వినిపించాను. అతన్ని అసహ్యించుకుంటూనే అతని మెప్పు కోసం చెయ్యి చాచాను. దీనికి మాత్రం అతన్ని నిందించలేను.

మర్నాడు బుధవారం. పొద్దున డ్యూటీ బస్సులు వెళ్ళిపోయాక, పనివాళ్ళుండే క్యాంపులో అక్కడి బాస్ గదులు తనిఖీ చేస్తుంటే, ఒక గదిలో కింద బొంత మీద ముక్కూ మొహం తెలియని మనిషి ఒళ్ళు కాలిపోతూ పడుకుని కనపడ్డాడు. మన కంపెనీ మనిషి కాడు. ఆ గదిలో ఉండేది ట్యాంకుల చుట్టూ ఇనుప గొట్టాలతో పరంజా కట్టే పనివాడు, జగిత్యాల వైపు మనిషి. ఆరేళ్ళుగా ఉన్నాడు, ఒక్క మాట పడ్డవాడు కాడు. అతన్ని పని మీంచి పిలిపించి, పదకొండింటికి మేనేజరు గదిలో నిలబెట్టారు.

క్యాంపు నియమం నాకు కంఠతా వచ్చు, టైపు చేసింది నేనే. పనివాడి బంధువు అయితే, ముందు చెప్పినా చెప్పకపోయినా, మూడు రోజులు ఉండవచ్చు. చెప్పనందుకు ఒక హెచ్చరిక కాగితం ఇస్తారు, అంతే. బంధువు కాని బయటి మనిషిని ఉంచితే క్యాన్సిల్. వీసా రద్దు చేసి విమానం ఎక్కించడమే. మళ్ళీ ఆ దేశంలో అడుగు పెట్టడం కల్ల. కాబట్టి అతను ఉండడమా పోవడమా అన్నది ఒక్క ప్రశ్న మీద ఉంది: ఆ పడుకున్నవాడు ఎవరు?

అతనికి ఇంగ్లీషు రాదు, హిందీ అంతంతమాత్రం. నన్ను పిలిచారు. తెలుగు మనిషిని చూడగానే అతని ముఖం తేటపడింది. నాకు బాగా గుర్తుంది, అలా తేటపడినందుకు నాకు విసుగేసింది. మేనేజరు ముందు అతనూ నేనూ ఒక ఊరివాళ్ళమన్నట్టు ఉండడం నాకు ఇష్టం లేకపోయింది. నాకన్నా పదేళ్ళు పెద్దవాణ్ణి పట్టుకుని, "నీ గదిలో పడుకున్న అతనెవరు?" అని అడిగాను. నీ గదిలో అన్నాను. మేనేజరు దగ్గర నేర్చిన నువ్వు అది.

"మా చుట్టం, మేడమ్" అన్నాడు.

ఇక్కడ ఆగాలి నేను. ఏ తెలుగింట్లోనైనా చుట్టం అన్న మాట వినపడగానే తరవాత వచ్చే ప్రశ్న ఒక్కటే. ఏమవుతాడు? పెళ్ళిపందిట్లో, రైలుపెట్టెలో, ఆఖరికి చావింట్లో కూడా అదే అడుగుతాం. ఎవరి తరఫు, ఏమవుతాడు, ఏం వరస? మా అమ్మయితే మూడు తరాలు వెనక్కి వెళ్ళి వరస తేల్చుకుని గాని మంచినీళ్ళు ఇచ్చేది కాదు. నేను అడగలేదు. మేనేజరు గడియారం చూసుకుంటున్నాడు. గెస్ట్ అన్న మాట నిన్నటి మెప్పుతో నా నోట్లో తయారుగా ఉంది. ఏడో తరగతి ఇంగ్లీషు మాస్టారు అనువాదం చెప్పించిన వాక్యం కూడా అదే: మా ఇంటికి చుట్టాలు వచ్చారు, గెస్ట్స్ కేమ్ టు అవర్ హౌస్. ఆ వాక్యానికి పదికి పది వేసేవారు.

"గెస్ట్" అన్నాను.

మేనేజరు తలెత్తాడు. నిన్నటి మాట ఇవాళ తన గదిలోకి నడిచొచ్చినందుకు సంబరపడ్డాడు. "గెస్టా? బంధువు కాదా? అడుగు" అన్నాడు. ఆ ఒక్కసారికి అతను నాకన్నా మంచి ప్రశ్న వేశాడు. ఇది ఒప్పుకోవడం నాకు ఎంత కష్టంగా ఉందో చెప్పలేను.

నేను ఇటు తిరిగి, "చుట్టమేనా? వేరే ఏం కాదుగా?" అన్నాను.

"చుట్టమే మేడమ్. వేరేటోడైతే నేనెందుకు తెస్త?"

ఆ రెండో ముక్కని నేను వదిలేశాను. వట్టి వాగుడనుకున్నాను. ఆ యాస నా చెవికి మోటుగా తగిలేది, మా గోదావరి జిల్లాల వాళ్ళకి అదొక జబ్బు. ఆ యాసలో చెప్పినదంతా ఇంగ్లీషులోకి ఎక్కించదగ్గది కాదని నాలో ఎవరో తేల్చేశారు. "గెస్ట్ ఓన్లీ" అన్నాను మేనేజరుతో.

ఆ పరంజా మనిషి మరొక్క మాట చెప్పమన్నాడు. తన సంగతి కాదు. "వాని జరం దిగేదాక ఉండనియ్యున్రి అని చెప్పున్రి మేడమ్. జిదాఫ్స్‌ల కూరగాయల దుకాణంల పన్జేస్తడు. జరమొస్తే సేటు గోదాంల పండవెట్టిండు. బస్తాల నడుమ. సూడలేక తెచ్చిన."

అది మాత్రం పూర్తిగానే చెప్పాను. మేనేజరు, "హాస్పిటల్ ఉంది కదా" అన్నాడు. ఒక క్షణం ఆగి నా వైపు చూసి, "అదీ అదే కుటుంబం, గుర్తుందా?" అన్నాడు. నేను నవ్వాను. ఒక మనిషి రెండు చేతులూ కట్టుకుని అక్కడ నిలబడి ఉండగా, మాటల మీద వేసిన ఆ పరిహాసానికి నేను నవ్వాను.

వాంగ్మూలం ఇంగ్లీషులో నేనే టైపు చేశాను. 'నా గదిలో ఉన్నది గెస్ట్ అని, బంధువు కాడని ఒప్పుకుంటున్నాను.' కింద అతను తెలుగులో సంతకం చేశాడు. అక్షరం అక్షరం విడదీసి, రెండో తరగతి పలక మీద దిద్దినట్టు పెట్టాడు. ఏం రాసి ఉందో అడగలేదు. నేను తెలుగు దాన్ని కదా, అడగాల్సిన అవసరం ఏముంది?

మా వ్యాను డ్రైవరు హైదరాబాదు పాతబస్తీ మనిషి. పొద్దున్నే మనామాలో నన్ను ఎక్కించుకుని సిత్రా వంతెన మీదుగా ఆఫీసుకి తెచ్చేవాడు. క్యాంపులో జరిగేదంతా ఆ వ్యాన్లోకి రావలసిందే. గురువారం పొద్దున వంతెన ఎక్కుతుండగా అద్దంలోంచి నన్ను చూసి, "మేడమ్, అట్లెట్ల రాసిన్రు? ఆ మనిషి ఆయన బీవీకి సగా తమ్ముడు. సాలా. మీరు బామ్మర్ది అంటరు గదా, గదే" అన్నాడు.

బయట నీళ్ళు, దూరంగా ట్యాంకులు, కిటికీలోంచి ఆ మాడు నూనె వాసన. బామ్మర్ది. భార్య తమ్ముడు. అంతకన్నా దగ్గరి చుట్టం ఎవరుంటారు? బావ మాట మీద దేశం దాటి వచ్చినవాడట. కాస్త చూసుకొమ్మని అక్క చెప్పి పంపిన తమ్ముడు.

"ఇప్పుడే పోయి చెప్పున్రి మేడమ్. కాగితం ఇంక ఈడనే ఉన్నది. దోపహర్ల నేనే తీస్కపోవాలె కఫీల్ ఆఫీసుకు" అన్నాడు.

గురువారం మాకు ఒంటిపూట ఆఫీసు. ఎనిమిది నుంచి పన్నెండు దాకా ఆ కాగితం మేనేజరు బల్ల మీద ట్రేలో ఉంది. నా కుర్చీకీ ఆ ట్రేకీ మధ్య ఒక తలుపు. రెండుసార్లు లేచాను. లోపల హెడ్డాఫీసు వాళ్ళు కూర్చుని ఉన్నారు, ఆ రోజు నవ్వినవాళ్ళలో ఇద్దరు. ఆ కళ్ళజోడాయన కూడా ఉన్నాడు. తలుపు గుబ్బ మీద చెయ్యి వేశాను. వెళ్ళి ఏం చెప్పాలి? చుట్టం అంటే గెస్టూ అవును, బంధువూ అవును, నేను పొరపాటు పడ్డాను అని. "ఎం.ఏ. చదివావు, రెంటిలో ఒకటి ఎంచుకో" అంటాడు. మళ్ళీ కళ్ళజోడు తీసి తుడుచుకుంటాడు ఆయన. గుబ్బ మీంచి చెయ్యి తీసేశాను. శనివారం చెబుదాంలే అనుకున్నాను. భయం వల్ల కాదు, చీదర వల్ల అని అప్పట్లో నాకు నేను చెప్పుకున్నాను. అబద్ధం. వట్టి పొగరు.

పన్నెండింటికి డ్రైవరు కవరు పట్టుకుని నా బల్ల ముందు ఆగాడు. "మేడమ్, తీస్కపోన్నా?" అన్నాడు. నేను అతని వైపు చూడలేదు. టైపు మిషనుకి ముసుగు వేస్తూ తల ఊపాను. కవరు చంకలో పెట్టుకుని, "సరే, యల్లా" అని వెళ్ళిపోయాడు.

ఇంటికెళ్ళి మా ఆయనతో చెబితే, "శనివారం చూద్దువులే. ఒక్కరోజులో ఏం మునిగిపోతుంది?" అన్నాడు. ఆయన మంచివాడే. ఎదుటివాళ్ళకి ఏది వినాలని ఉందో అదే చెప్పే రకం మంచివాడు. శుక్రవారం ఆయన ఆఫీసు స్నేహితులు భార్యాభర్తలు భోజనానికి వచ్చారు. ఆవిడ కాళ్ళు కడుక్కుంటూ, "పరాయి దేశంలో మనకి మనమే చుట్టాలం" అంది. వడ్డిస్తున్న గరిటె నా చేతిలో ఆగిపోయింది. పప్పు వెయ్యకుండా నిలబడితే మా ఆయన నా మోచెయ్యి తట్టాడు.

ఆ మధ్యాహ్నం వాళ్ళు మాట్లాడుకుంటుంటే నేను మా మేనేజరు పని చేస్తూ కూర్చున్నాను. చుట్టు, చుట్టూ, చుట్టం. నడుముకి చుట్టుకున్న బట్టలా మన చుట్టూ ఉండేవాళ్ళు చుట్టాలయి ఉంటారు. మా ఇళ్ళకి ఎవరొచ్చారు గనక? వచ్చినవాళ్ళంతా వరసైనవాళ్ళే, అందుకని వచ్చినవాణ్ణీ చుట్టమే అన్నాం. వాళ్ళు గుమ్మంలో నిలబడ్డ కొత్తవాణ్ణి చూసి మాట కట్టుకుంటే, మనవాళ్ళు పీటేసి కూర్చోబెట్టిన సొంతవాణ్ణి చూసి కట్టుకున్నారు. వాళ్ళ మాటలో సగం శత్రువు ఉన్నాడు, మన మాటలో పిసరంత కూడా లేడు. అలాంటి మాటని తీసుకెళ్ళి నేను ఒక ఐదక్షరాల ఇంగ్లీషు మాటలో కుక్కాను. ఇదంతా నా ఊహే, ఏ పండితుడూ చెప్పింది కాదు. చుక్క పెట్టి చదువుకోండి.

శనివారం ఎనిమిదింటికే వెళ్ళి చెప్పేశాను. అతను ఒంటరిగా ఉన్నాడు. నేను తప్పు అనువాదం చేశాను, ఆ మనిషి చెప్పింది బంధువు అని, స్వయానా భార్య తమ్ముడు అని ఏకబిగిన అన్నాను. ఎగతాళి చేస్తాడనుకున్నాను. చెయ్యలేదు. అంతకన్నా ఘోరం చేశాడు. ఆసక్తిగా ముందుకి వంగాడు.

"అంటే మీ భాషలో గెస్టుకీ బంధువుకీ ఒకటే మాటా? మావాళ్ళకి సరిగ్గా తలకిందులన్నమాట. అద్భుతం" అన్నాడు. ఆకుపచ్చ పుస్తకం తెరిచాడు. "స్పెల్లింగ్ చెప్పు."

"సర్, ఆ కాగితం."

"అది గురువారమే వెళ్ళిపోయిందిగా. కఫీల్ మనిషి ముద్ర వేశాడు, టికెట్టు కూడా వచ్చింది, ఇవాళ మధ్యాహ్నం విమానం. ఖలాస్." ఆ ఒక్క అరబ్బీ మాట అతనికి బాగా వచ్చు. "గురువారం చెప్పి ఉంటే చింపేసేవాణ్ణి. స్పెల్లింగ్ చెప్పు."

చెప్పాను. సి, హెచ్, యు. ఒక్కొక్క అక్షరమే అందించాను. అతను రాసుకున్నాడు. ఫైల్లో ఉన్న వాంగ్మూలం నకలు అడిగి తీసుకుని, అతని పెన్సిలుతోనే, గెస్ట్ అన్న మాట ముందు చుక్క గుర్తు గీశాను. "ఇది అతని నోట ఎవరూ వినలేదు. నేను ఊహించింది" అన్నాను. అతను పడీపడీ నవ్వాడు. "వెరీ గుడ్" అన్నాడు. ఆ పెన్సిలు అతని కంట్లో గుచ్చాలనిపించింది. ఇప్పుడు రాస్తుంటే కూడా అనిపిస్తోంది. కానీ గురువారం చింపేసేవాణ్ణి అన్నాడు చూశారూ, అది నిజమే అయి ఉంటుంది. అందుకే అతని మీద కోపం తగ్గదు.

ఒంటిగంటకి గేటు దగ్గర వ్యాను ఆగి ఉంది. ఆ పరంజా మనిషి తాళ్ళతో కట్టిన అట్టపెట్టె ఒకటి, ఒక చేతిసంచీ పెట్టుకుని ఎండలో నిలబడ్డాడు. ముహర్రక్ విమానాశ్రయానికి తీసుకెళ్ళడానికి డ్రైవరు తయారుగా ఉన్నాడు. నన్ను చూసి డ్రైవరు మొహం అటు తిప్పుకున్నాడు. ఆ మనిషి మాత్రం చేతులు జోడించాడు.

"మీరు నా తరుపున మాట్లాడిన్రు, గంతే సాలు మేడమ్. నా నసీబు గిట్లున్నది, మీరేం జేస్తరు? ఒక్కటి జెప్త. వాడు మల్ల గా గోదాంలనే పడున్నడు. మనోళ్ళు ఎవ్వల్లేరు. తీరితె ఒక్కపారి చుట్టపు సూపుగ పోయి సూసిరాన్రి."

ఊ అని తల ఊపి లోపలికి పోయి ఉంటే సరిపోయేది. ఎవరికీ తెలిసేది కాదు. ఆ జోడించిన చేతులు చూడలేక చెప్పేశాను. "నా వల్లే జరిగింది. మీరు చుట్టం అన్నదాన్ని నేను బయటి మనిషి అన్నట్టు చెప్పాను. మీరు సంతకం పెట్టింది దానికే" అన్నాను. అప్పటికి మీరు అనడం వచ్చింది నాకు.

అతని చేతులు కిందికి దిగాయి. తిడతాడేమో అనుకున్నాను, తిడితే బాగుండును. చాలాసేపు నా మొహంలోకి చూశాడు. కోపంగా కాదు. అర్థంకాక చూశాడు.

"మీ దిక్కు చుట్టమంటె బయటోడా, మేడమ్?"

నేను అట్టపెట్టె తాళ్ళ వైపు చూశాను.

"అయితె వద్దు తియ్యున్రి. వాని దగ్గరికి పోకున్రి" అని పెట్టె ఎత్తి వ్యానెక్కాడు.

పోవద్దన్నా పోయాను. ఆ తరవాతి శుక్రవారం మా ఆయన్ని వెంటబెట్టుకుని జిదాఫ్స్ బజారంతా వెతికి ఆ దుకాణం పట్టుకున్నాను. చేతిలో బత్తాయిల సంచీ, రొట్టె. ఊరికి తిప్పి పంపించడానికైనా, డాక్టరుకి చూపించడానికైనా నాకు తోచినంత చెయ్యాలని మనసులో పెద్ద ఏర్పాటే చేసుకుని వెళ్ళాను. అతను లేచి తిరుగుతున్నాడు. బుగ్గలు లోపలికి పోయి, చొక్కా వేలాడుతూ, తక్కెడ ముందు నిలబడి ఉల్లిగడ్డలు తూస్తున్నాడు. తెలుగులో పలకరించాను. ఒంట్లో ఎలా ఉందని అడిగాను. మీ బావ గురించి నాకు తెలుసన్నాను.

తక్కెడ ఆపి నన్నూ, నా చేతిలో సంచీనీ చూశాడు. ముఖం తేటపడింది, అచ్చం వాళ్ళ బావ ముఖంలాగే.

"మీరు మా బావకు ఏమైతరు మేడమ్?" అన్నాడు.

నా వెనక మా ఆయన ఉన్నాడు. పక్కన ఇంకెవరో గిరాకీ తొందరపెడుతున్నాడు.

"ఉల్లిపాయలు కొనుక్కుందామని వచ్చాం" అన్నాను. అతను ఒక కిలో తూచి ఇచ్చాడు.